నీచంలో గుమ్మం

మా ఇంటి సింహద్వారం నీచంలో ఉంది. వచ్చినవాళ్ళు చెప్పులు విప్పుతూనే ఆ సంగతి చెప్తారు, అక్కడికి నాకేదో తెలియనట్టు. "తెలుసండీ, కావాలనే పెట్టించుకున్నాను. కాఫీ తాగుతారా?" అంటాను. ఒకరిద్దరు కాఫీ కూడా తాగకుండా వెళ్ళిపోయారు. వెళ్తే వెళ్ళారు, పాలు మిగిలాయి.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో, బందరులో అపార్టుమెంట్లు అప్పుడప్పుడే లేస్తున్నాయి. నేను ఆస్పత్రిలో నర్సుని. మా ఆయన పోయి అప్పటికి కొన్నేళ్ళయింది. మా అమ్మాయి గుడ్లవల్లేరులో ఇంజినీరింగు చదువుతూ రోజూ బస్సులో వెళ్ళొచ్చేది. ఇద్దరం అద్దె ఇంట్లో ఉండేవాళ్ళం. ముదినేపల్లి దగ్గర మా పుట్టింటివాళ్ళు పసుపు కుంకుమ కింద నాకిచ్చిన పొలం చెక్క ఒకటుండేది. చుట్టుపక్కలంతా చేపల చెరువులు తవ్వేసరికి, మధ్యలో నా వరి ఊట నీటికి కుళ్ళిపోయేది. చివరికి ఆ చెక్కని కూడా చెరువులవాళ్ళకే అమ్మేసి ఫ్లాటు కొనుక్కుందామనుకున్నాను. నాకున్న ఆస్తల్లా అదే. కొన్న ఇల్లు బాగా లేదని తేలితే అమ్ముకోవడానికి ఇంకో పొలం లేదు.

గుడివాడలో ఉండే మా అన్నయ్య సంతోషపడ్డాడు. బందరులో అపార్టుమెంటు కడుతున్న బిల్డరు తన కాలేజీ స్నేహితుడేనట. ఆ బిల్డరు నన్ను చూడగానే "చెల్లెమ్మా" అన్నాడు, నేను "అన్నయ్యగారూ" అన్నాను. మొదటి అంతస్తులో ఒక ఫ్లాటు చూపించాడు. ఇంకా రంగులు వెయ్యలేదు, కిటికీలకి అద్దాలు లేవు. వెలుతురు బాగుంది, అడ్వాన్సు ఇచ్చేశాను.

తర్వాతి ఆదివారం అన్నయ్య ఒక వాస్తు సిద్ధాంతిని వెంటబెట్టుకుని దిగాడు. మా వైపు అదొక ఆచారం. సిద్ధాంతి చూడని ఇంట్లో పిల్లి కూడా కాపురం పెట్టదు. ఆయన హాలు మధ్యలో నిలబడి, దిక్సూచి అరచేతిలో పెట్టుకుని, కళ్ళు చిట్లించి చూశాడు.

"ఉత్తరపు గోడకి గుమ్మం వాయవ్యం వైపు పడిందమ్మా. నీచం. ఈశాన్యం మూలకి జరిపితే ఉచ్చంలోకి వస్తుంది. జరపకపోతే ఈ ఇంట్లో యజమాని నిలవడు" అన్నాడు.

నాకు చిర్రెత్తుకొచ్చింది. "మా ఇంటి యజమాని ఇప్పటికే లేడు కదండీ. ఇక నిలవకుండా పోవడానికి ఎవరున్నారు?" అన్నాను.

సిద్ధాంతి గొంతు సవరించుకున్నాడు. అన్నయ్య నాకేసి గుడ్లురిమి చూశాడు. బిల్డరు మాత్రం చేతులు జోడించి, "దానిదేముందండీ, వారం తిరిగేసరికి జరిపించేస్తాను. చెల్లెమ్మ కోసం ఆ మాత్రం చెయ్యలేమా!" అన్నాడు. అన్నట్టే చేశాడు కూడా. వారానికి గుమ్మం ఈశాన్యం మూలకి, స్తంభాన్ని ఆనుకుని వచ్చేసింది. పాత గుమ్మం ఉన్నచోట గోడ కట్టేసి, పైన ప్లాస్టరింగు చేసి, చక్కగా రంగు వేశారు. అన్నయ్య ఆ కొత్త ద్వారబంధానికి పసుపు రాయించి, మామిడాకులు కట్టించి, మనసు కుదుటపడినవాడిలా బస్సెక్కాడు.

ఆ వేసవిలోనే మేమున్న అద్దె ఇంటి సన్‌షేడు ఊడి పడింది. పట్టపగలు, ఢామ్మని. ఉప్పుగాలికి లోపలి ఇనుము తుప్పుపట్టి, ఉబ్బి, సిమెంటుని బయటికి తోసేసింది. కింద పెట్టిన ఇత్తడి బిందె అప్పడంలా అయిపోయింది. అంతకు కాసేపటి ముందే మా అమ్మాయి తలంటుకుని అదే నీడలో కూర్చుని జుట్టు ఆరబెట్టుకుంది. ఇంటివాడు తీరిగ్గా వచ్చి చూసి, "బందరులో ఇంతేనమ్మా, సముద్రం గాలి" అన్నాడు. ఆయన్ని ఏమన్నానో ఇక్కడ రాయను. మర్నాటి నుంచి వీధిలో నన్ను చూసి పక్కకి తప్పుకునేవాడు.

ఆ రాత్రి అన్నం సయించలేదు. కొత్త ఫ్లాటు గోడల్లో ఏముందో నాకేం తెలుసు? పెళ్ళి సంబంధం అనుకుంటే పిల్ల మేనత్త తోడికోడలి గుణగణాలు కూడా ఆరా తీస్తాం. ఆస్పత్రిలో చిన్న గడ్డ కొయ్యాలన్నా ముందు రక్తం పరీక్ష చేయిస్తాం. ఉన్నదంతా ఊడ్చిపెట్టి ఇల్లు కొంటూ, అది ఏ దిక్కుకి చూస్తోందని అడిగామే గాని, గట్టిగా ఉందా అని ఒక్కరం అడగలేదు. సంగతి విని మా అమ్మాయి, "మా కాలేజీలో సివిల్ మాస్టారు ఒకాయన ఉన్నారమ్మా. ఫీజు తీసుకుని ఇళ్ళు పరీక్ష చేసి చెప్తారు" అంది. "పిలు" అన్నాను.

ఫోనులో అన్నయ్య అగ్గి మీద గుగ్గిలమయ్యాడు. "నీకేమన్నా మతిపోయిందా? వాడు నా స్నేహితుడే! వాడు కట్టిన ఇంటి మీదకి ఇంకో ఇంజినీరుని తోలతావా? డబ్బులిచ్చి మరీ తప్పులు వెతికించుకుంటావా?"

"సిద్ధాంతికి డబ్బులివ్వలేదా? ఆయన వెతికింది తప్పు కాదా?"

"అదీ ఇదీ ఒకటా?"

"ఒకటి కాదు. అందుకే ఇది కూడా చేయిస్తున్నాను" అని పెట్టేశాను.

బిల్డరు ఇంకో రకం. అరవలేదు, మొహం చిన్నబుచ్చుకున్నాడు. "నోరారా అన్నయ్యా అంటూనే అనుమానిస్తున్నావా చెల్లెమ్మా? అన్ని ఫ్లాట్లూ అమ్ముడుపోయాయి, ఒక్కరూ ఇలా అడగలేదు. కొత్త గోడ మీద సుత్తి పడితే అరిష్టం. పరీక్షలూ గిరీక్షలూ నా దగ్గర కుదరవు." వరసలు కలిపి నోళ్ళు కట్టేయడం మా వైపు పుట్టుకతో వచ్చిన విద్య. అన్నయ్యా అన్నాక ఇక అడగకూడదు. అడిగితే మనమే మనుషులం కాకుండా పోతాం.

మా అమ్మాయికి అల్లరెక్కువ. "అమ్మా, మా మాస్టారికి పంచె కట్టి, నామాలు పెట్టి, రెండో సిద్ధాంతి అని తీసుకెళ్దామా? కొబ్బరినీళ్ళిచ్చి మరీ గదులన్నీ తెరిచి చూపిస్తారు" అంది. నవ్వాగలేదు నాకు. నిజంగానే జరిగేది కూడా. అయినా వద్దన్నాను. దొంగతనానికి వెళ్తున్నామా? నా ఇంటిని నేను చూపించుకోవడానికి నామాలెందుకు? మర్నాడు బిల్డరు దగ్గరికి వెళ్ళి, "పరీక్ష అయితేనే రిజిస్ట్రేషను అన్నయ్యగారూ. కాదంటే నా అడ్వాన్సు నాకిచ్చెయ్యండి" అన్నాను. డబ్బు వెనక్కి ఇవ్వడమనేసరికి అరిష్టం సంగతి ఆయనకి గుర్తురాలేదు.

మాస్టారు మంగళవారం వచ్చారు. మంగళవారమా అని బిల్డరు సణిగితే, "మంగళవారమని మా ఆస్పత్రిలో ఆపరేషన్లు ఆపట్లేదండీ" అన్నాను. అన్నయ్య కూడా వచ్చాడు, నాతో మాట్లాడకుండా కిటికీ దగ్గర నిలబడ్డాడు. మాస్టారు స్నానాలగది తూముకి గుడ్డ కుక్కి నీళ్ళు నింపించారు. కిందికి దిగి పార్కింగు కప్పుకి చెమ్మ దిగుతోందేమో చూశారు. అన్నీ బాగానే ఉన్నాయన్నారు. బిల్డరు మొహం వెలిగింది. అక్కడిదాకా నిజంగానే గట్టిగా కట్టాడు, ఆ మాట ఇప్పటికీ చెప్తాను.

ఆఖర్న మాస్టారు చిన్న సుత్తితో గోడలు తట్టుకుంటూ సింహద్వారం దగ్గరికి వచ్చారు. పక్కనున్న స్తంభం మీద తట్టారు. ఠక్ ఠక్ మనాల్సింది, డొల్లగా మోగింది. మళ్ళీ తట్టారు.

"ఈ గుమ్మం మొదట ఇక్కడ లేదు కదండీ?" అన్నారు.

"లేదండీ, జరిపించారు" అన్నాను.

"ప్లాస్టరింగు కొట్టి చూడాలి. మీరు ఒప్పుకుంటేనే."

"రంగు పాడైపోద్ది సార్!" అంటూ బిల్డరు ముందుకొచ్చాడు.

"కొట్టండి" అన్నాను.

పెళ్ళలు రాలాయి. లోపల కాంక్రీటు లేదు. ఇటుక ముక్కలు కుక్కి, పైన సిమెంటు పూశారు. ద్వారబంధం మూలకి పట్టలేదని స్తంభాన్నే చెక్కేశారు. అడ్డొచ్చిన కడ్డీలు కోసేశారు, కోసిన మొనలు అక్కడే కనిపిస్తున్నాయి. పై అంతస్తుల బరువంతా మోసే స్తంభం అది. అది జారితే ముందు కూలేది మా హాలు. ఆ మూలే మా అమ్మాయి మంచం వేసుకుంటానని ముచ్చటపడింది.

బిల్డరు నాకేసి చూడలేదు. మా అన్నయ్య మీద విరుచుకుపడ్డాడు. "నువ్వు జరపమంటేనే కదరా జరిపించాను! మేస్త్రీ పట్టట్లేదంటే, మా వాడి చెల్లెలు, ఎలాగోలా పట్టించు అన్నాను. ఇప్పుడు నన్ను దొంగని చేస్తారా?"

చప్పుడుకి పైఫ్లాటు ఆయన దిగొచ్చాడు. అప్పటికే కొనుక్కుని కాపురం పెట్టిన పెద్దమనిషి. స్తంభాన్ని చూసి గొంతు తగ్గించి, "ఈ సంగతి బయటికి పొక్కితే మా ఫ్లాట్లు ఎవరు కొంటారమ్మా? నీకిష్టం లేకపోతే మానుకో, మా నోట్లో మట్టి కొట్టకు" అన్నాడు.

"మీరు రోజూ నిద్రపోతున్నది దీని మీదేనండీ" అన్నాను. ఆయన మెట్లెక్కి వెళ్ళిపోయాడు. సాయంత్రం చీకటి పడ్డాక మా అద్దె ఇంటికి వచ్చి, గుమ్మం బయటే నిలబడి, ఆ మాస్టారి ఫోను నంబరు అడిగి రాసుకుని వెళ్ళాడు.

వదిలేసి ఇంకోచోట కొనుక్కోమని చాలామంది చెప్పారు. ఎందుకు వదలాలి? నేను వదిలేస్తే ఆ ఇటుక ముక్కల మీద మళ్ళీ రంగు పూసి ఇంకెవరికో అమ్ముతారు. బాగుచేసేదాకా రిజిస్ట్రేషను లేదు, మాస్టారు దగ్గరుండి చేయిస్తేనే ఒప్పుకుంటాను అన్నాను. పైఫ్లాటు ఆయన కూడా ఈసారి నా పక్కన నిలబడ్డాడు. దూలాల కింద ఊతానికి ఇనప పోట్లు పెట్టి, ఇటుకలు తీసేసి, కొత్త కడ్డీలు అతికించి, స్తంభం చుట్టూ కాంక్రీటు పోశారు. స్తంభం లావెక్కింది. ఇక ఆ పక్కన గుమ్మం పట్టదు. పాతచోటికే వెళ్ళాలి, నీచంలోకి.

అన్నయ్యకి చెప్పాను. "ఆ గుమ్మం మాత్రం నేను తొక్కనే" అన్నాడు. సరే అన్నాను. సరే అన్నంత తేలిగ్గా ఏం లేదు. ఆ రాత్రి చాలాసేపు ఏడ్చాను.

గృహప్రవేశానికి, భర్త లేనిదానివి, పాలు వేరే దంపతుల చేత పొంగించమన్నారు పెద్దలు. ఎవరినీ పిలవలేదు. నేనే పొయ్యి వెలిగించాను, నేనే పొంగించాను, నేనూ మా అమ్మాయీ తాగాం. చెవులు కొరుక్కునేవాళ్ళు కొరుక్కున్నారు.

అన్నయ్య మాటంటే మాటే. బందరు వచ్చినా నన్ను ఆస్పత్రిలోనే కలిసి పళ్ళిచ్చి వెళ్ళేవాడు. అట్లా ఏడాది గడిచింది. ఒకరోజు తుఫాను గాలి మొదలై గుడివాడ బస్సులు ఆపేశారు. సాయంత్రం తలుపు చప్పుడైతే తీశాను. అన్నయ్య నిలువునా తడిసి వరండాలో ఉన్నాడు. లోపలికి రాలేదు.

"ఆ స్తంభం గట్టిపడిందా?" అన్నాడు.

"గట్టిదే. నువ్వేంటి వానలో? రా."

కదల్లేదు. గుమ్మంకేసి చూస్తూ, "బావ పోయిన ఇంటి గుమ్మం కూడా నీచంలోనే ఉందే. అప్పుడు నాకు తెలీదు. తర్వాత ఈ సిద్ధాంతే చెప్పాడు. ఆ ఇల్లు మీకు వెతికిపెట్టింది నేనే కదా" అన్నాడు. ముక్కు ఎగబీల్చాడు. "ఈసారి నీకేం కాకూడదని జరిపించానే."

ఇన్నేళ్ళూ మోశాడు ఆ మాటని, నాకు చెప్పకుండా. అయినా నేను ఊరుకునే రకాన్ని కాదు.

"బావ పోయింది గుండె ఆగి. నా చెయ్యి ఆయన నాడి మీదే ఉంది. నేను నర్సుని, నాకు తెలుసు. గుమ్మం ఏం చెయ్యలేదు, నువ్వూ ఏం చెయ్యలేదు" అన్నాను. "వస్తావా, చెయ్యి పట్టి లాక్కురమ్మంటావా?"

అన్నయ్య చెప్పులు విప్పి, గుమ్మం తొక్కి లోపలికి వచ్చాడు. హాలు మూలకి వెళ్ళి, తడిచేత్తోనే స్తంభాన్ని పిడికిలితో తట్టాడు. ఠక్ ఠక్ మంది.