పదకొండు రోజుల సభ్యుడు

మల్కాజ్‌గిరిలో మా ఇంటి వెనక లోకల్ రైలు కూత పెడితే ఇప్పటికీ నా చూపుడువేలు ఉన్నచోటే ఆగిపోతుంది. పేపరు చదువుతుంటే అక్షరం మీద, బియ్యం ఏరుతుంటే గింజ మీద. రైలు వెళ్ళేదాకా కదలదు. మా ఆయన నవ్వుతారు. నవ్వనీ. అది రహీమ్ సార్ నేర్పిన అలవాటు.

పదేళ్ళ కిందట బోయిగూడలో, పట్టాల పక్క పాత మేడలో మా ఆఫీసు. పంతొమ్మిదో శతాబ్దం తొలినాళ్ళలో అమెరికాలోని ఒక రాష్ట్ర శాసనసభలో ఒక పదవీకాలం కూర్చున్న సభ్యుల పట్టిక అక్కడివాళ్ళు మాకు పంపారు. పాత పుస్తకం ఫొటోలు చూసి దాన్ని కంప్యూటర్లోకి ఎక్కించడం నా పని. తప్పులు పట్టడం సార్ పని. ప్రెస్సులో ప్రూఫులు దిద్ది తల నెరిసిన ఆయనకు కంప్యూటరు మీద బొత్తిగా నమ్మకం లేదు. ఆయన పాత పేజీ పైకి చదవాలి, నేను టైపు చేసి ప్రింటు తీసిన కాగితం మీద వేలు పెట్టి సరిచూడాలి. రైలొస్తే ఇద్దరం వేళ్ళు తియ్యకుండా ఊరుకునేవాళ్ళం. కిటికీలు గడగడలాడుతుంటే, ఎక్కడో బురదదారుల్లో గుర్రాల మీద సభకు వస్తున్న మనుషులు నాకు కనబడేవారు. తడిసిన కోట్లతో, పొగమంచులోంచి, నెమ్మదిగా. రైలు పోయాక "ఊఁ, షురూ చేద్దామా" అనేవారు సార్.

ఆ పట్టిక పని ఇచ్చిన అమెరికావాళ్ళు ఒప్పుకుంటేనే నా ఉద్యోగం ఖాయం. అప్పటికే రెండుచోట్ల నిలవలేకపోయాను. ఇదీ పోతే అమ్మకు మొహం ఎలా చూపించాలా అని ఒకటే భయం. పంపాల్సిన రోజు సార్ చదివిన ఒక పేరు నా వేలికింద లేదు.

"ఏందీ బిడ్డా, ఈయన ఏడ పోయిండు?"

"ఒక్క సీటుకి రెండు పేర్లున్నాయి సార్. పొరపాటున రాశారనుకుని మొదటిది తీసేశాను."

పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఉన్న మాట ఆయన చూపించారు. ఆ మొదటాయన పదకొండు రోజులు సభలో కూర్చుని జ్వరంతో పోయాడు. మిగిలిన కాలానికి ఇంకొకర్ని ఎన్నుకున్నారు.

"పదకొండు రోజులేగా సార్" అన్నాను, నోరూరుకోక.

"అయినా కూసున్నడు గద. వచ్చినోని పేరు రాయాలె, ఎప్పటిదాంక ఉన్నడో గది సుత రాయాలె. తుడిచెయ్యనీకి మనమెవ్వరం? ఇంకెక్కడన్న గిట్లనే చేసినవా?"

గుర్తులేదన్నాను. ఏడుపొచ్చేసింది. సార్ మేనేజరుకు ఫోన్ చేసి, "నా చూపుల తప్పైంది, జెర ఒక్కరోజు టైమియ్యి" అన్నారు. మర్నాడు మొదటి పేరు నుంచి మళ్ళీ చదివారు. నేను చంపేసిన మనుషులు ఇంకో ఇద్దరు దొరికారు. పట్టిక ఒప్పుకున్నారు, నా ఉద్యోగం నిలిచింది. ఆ తప్పు నాదని సార్ ఎన్నడూ ఎవరికీ చెప్పలేదు.

ఈ ఆగస్టులో సార్ పోయారు, పనిలో ఉండగానే. అదే ఆఫీసులో ఆయన కుర్చీ నాకిచ్చారు. మొన్న ఈ ఏడాది సిబ్బంది పట్టిక టైపు చేసి, కొత్తగా చేరిన అమ్మాయి తెచ్చింది. తప్పులు చూసేవారి వరసలో నా పేరొక్కటే ఉంది.

"రహీమ్ సార్ ఏరమ్మా?"

"సీటు ఒక్కటే కదా మేడం."

నేనూ ఒకప్పుడు అలాగే అనుకున్నాను. వేలు అక్కడే పెట్టాను. సరిగ్గా అప్పుడే రైలొచ్చింది. అది వెళ్ళిపోయాక నా పేరుకు పైన ఆయన పేరు రాశాను, ఆగస్టు వరకు అని. ఎదురుగా ఆ పిల్ల కూడా తన ప్రతి మీద వేలు తియ్యకుండా చూస్తోంది.

"షురూ చేద్దామా" అన్నాను.