పలచబడ్డ పేజ

రాయగడ నుంచి కోరాపుట్‌కి సైకిల్ మీద వెళ్తున్నాను. దసమంతపూర్ వైపు ఎత్తు ఎక్కేసరికి సీసాలో నీళ్ళు అయిపోయాయి. తల మీద కుండతో పొలానికి వెళ్తున్న ఒకావిడ కనిపిస్తే, వచ్చీరాని హిందీలో నీళ్ళడిగాను.

ఆవిడ నన్ను పైకీ కిందికీ చూసి తెలుగులోనే అంది: "ఎండన పడి వచ్చేవు, ఉత్తి నీళ్ళేటి తాగుతావమ్మీ? పేజ తాగు."

వాళ్ళ పుట్టిల్లు గుణుపురం దగ్గరట, అత్తింట్లోనూ తెలుగేనట. పేజ అంటే రాగి అంబలి. పుల్లగా, చల్లగా భలే ఉంది. రెండు లోటాలు గటగటా తాగేశాక గానీ, అది పొలంలో పనిచేస్తున్నవాళ్ళ మధ్యాహ్నపు తిండి అని నాకు తట్టలేదు.

"అయ్యో, వాళ్ళకి తగ్గిపోతుందేమోనండీ," అన్నాను.

"ఎందుకు తగ్గిపోద్ది? నువ్వు రా, పొలం దగ్గర బోరింగుంది. సీసా నింపుకుందూగాని."

సైకిల్ నడిపించుకుంటూ వెనకే వెళ్ళాను. బోరింగు దగ్గర ఆవిడ రెండు లోటాల నీళ్ళు కుండలో పోసి, బాగా కలిపి, గట్టు మీద కూర్చున్న మామగారికి తీసుకెళ్ళి ఇచ్చింది. నేను సీసా నింపుకుంటూ అటే చూస్తున్నాను. మా ఇంట్లో చారు కాస్త పలచబడితే ఆ పూట వండినవాళ్ళకి చీవాట్లే.

ఆ పెద్దాయన నన్నింకా చూడలేదు. ఒక గుక్క తాగి ఆగాడు.

"ఏటమ్మా, సుట్టాలొచ్చేరా?" అన్నాడు.