జీడిపిక్కకి తొందర నేర్పిన రోజు

ఒకే ఒక్క పుస్తకం, అదీ సగమే చదివి, పలాసలో ఒక జీడిపప్పు ఫ్యాక్టరీని ముక్కలు చేసిన ఘనుణ్ణి నేను. ముక్కలంటే మాటవరసకి కాదండీ, నిజంగానే ముక్కలు! చెబుతాను, మీరూ నవ్వుకోండి.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో ఆ ఫ్యాక్టరీలో సూపర్‌వైజరుగా చేరాను. టెక్కలిలో ఇంజనీరింగు చదివే స్నేహితుడొకడు, పనిలో దండగ తగ్గించే లీన్ పద్ధతుల మీద ఒక పుస్తకం ఇచ్చాడు. ఫ్యాక్టరీలో దండగలు ఏడు రకాలట. సరుకు ఊరికే పడి ఉండటం అందులో ఒకటట. అక్కడిదాకా చదివి, పుస్తకం మూసేసి, దొంగను వెతికే పోలీసులా దండగ కోసం తిరిగాను.

ఇంకేం, దొరికింది! బాయిలర్లో ఉడికిన పిక్కల్ని నేలమీద పరిచి మర్నాటిదాకా వదిలేస్తున్నారు. అవతల బరంపురం మిఠాయి వ్యాపారికి వారంలో గుండు పంపాలి. గుండు అంటే విరగని నిండు పప్పు. గోడౌనులో మిగిలింది ఆరు బస్తాల పిక్కలే. ఈ సరుకు తేడా వస్తే ఇంటికెళ్ళిపొమ్మని మా ఫ్యాక్టరీ షావుకారు ముందే చెప్పాడు.

పిక్కలు కోసే ఆడవాళ్ళకి నీలమ్మ పెద్ద. ఆవిడ చేతిలో పప్పు విరగడం ఎవరూ చూడలేదు.

"నీలమ్మా, ఇక ఆరబెట్టడాల్లేవు. ఉడికినవి ఉడికినట్టే కోతకి!"

"సల్లారకుండానా? ఏటి బాబూ ఇది, ఎవులు సెప్పినారు?"

"పుస్తకం చెప్పింది. దండగలు ఏడట, ఇలా పడేసి ఉంచడం అందులో ఒకటట. ఆలస్యం అమృతం విషం!"

"అమృతం సంగతి నాకు తెల్దు గానీ, పిక్కకి ఆలస్యమే అమృతం బాబూ."

"చెప్పింది చెయ్యి!"

"అలాగే బాబూ."

మొదటి బస్తా వేడివేడిగా కోత మిషన్ల దగ్గరికి వచ్చింది. పిక్క చల్లారితేనే తొక్క పెళుసెక్కి పప్పు నిండుగా ఊడొస్తుంది. వేడిమీద కోస్తే లోపలే నలిగిపోతుంది. ఇది ఫ్యాక్టరీలో నాకు తప్ప అందరికీ తెలుసు. గంటలో నా ముందు బద్దలు, ముక్కలు, నూక! చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు. నాకు మతితోపాటు గుండ్లు కూడా పోయాయి. సరిగ్గా అప్పుడే షావుకారు వచ్చాడు.

"ఏట్రా ఇది? గుండ్లు సెయ్యమంటే ఉప్మాలోకి సేసినావా?"

నీలమ్మే ముందుకొచ్చింది.

"ఒక్క బస్తాయే పోనాది షావుకారూ. మిగతా అయిదూ ఎనక పాకలో పరిసినాను, సల్లారతన్నాయి."

అంటే 'అలాగే' అంటూనే నా మాట విననే లేదన్నమాట! ఆ మనిషికి అక్కడే దండం పెట్టాలనిపించింది. మర్నాడు ఆవిడ కోస్తుంటే పక్కన నిలబడి చూశాను. ఎడమ పక్క పిక్కల తట్ట, కుడి పక్క పళ్ళెం. చెయ్యి జానెడు కూడా అదనంగా కదలదు. పుస్తకం అన్నేసి పేజీల్లో చెప్పిన దండగలేని పనంతా ఆవిడ పీట వేసుకున్న తీరులోనే ఉంది. ఆ అయిదు బస్తాల గుండ్లే ఆర్డరుకి సరిపోయాయి. నా ఉద్యోగం నిలబడింది.

సరుకు లారీ కదిలాక నీలమ్మ చీర చెంగుతో చేతులు తుడుచుకుంటూ అడిగింది:

"బాబూ, ఆ పుస్తకంలో దండగలు ఏడన్నావు కదా. మరందులో నువ్వెన్నోది?"

అప్పుడే బాయిలరు మీద చెయ్యేసి, అది చుర్రుమన్నా తియ్యకుండా, ఒట్టు పెట్టుకున్నాను: ఇకపై ఏ పుస్తకమైనా ముందు నీలమ్మకి చదివి వినిపిస్తాను, ఆవిడ నవ్వకుండా ఉంటేనే అమల్లో పెడతాను.