బాపును బయట కూర్చోబెట్టిన వకీల్ సాబ్

నా చిన్నప్పుడు మా ఇంట్లో, పెళ్లయిన ఆడబిడ్డను పుట్టింటికి పిలిచి ఒడిబియ్యం పోస్తున్నారంటే నాకు పండగే. కొత్త చీర వాసన, పసుపు కలిపిన బియ్యం, ఎండు కొబ్బరి కుడుకలు, వంటింట్లో గారెలు. అలాంటి రోజే ఒకటి తలుచుకుంటే ఇప్పటికీ నాకు తల ఎత్తబుద్ధి కాదు.

మాది ఛత్రినాకలో మేడ ఉన్న ఇల్లు, చార్మినార్ దగ్గర గాజుల దుకాణం. రెండూ మా తాత సొంత కష్టంతో సంపాదించినవే. ఆయనకు మా బాపు, మా మేనత్త ఇద్దరే పిల్లలు. అత్త మాదన్నపేటలో ఒక్క గది అద్దెకు తీసుకుని ఉండేది. మామయ్యకు చూపు మందగించి కొలువు పోయాక, అద్దె కట్టడానికే ఆమె రోజంతా కుట్టుమిషన్ తొక్కేది. మా మేడ మీద గదులు ఖాళీగానే పడి ఉండేవి. ఆ మాట మాత్రం ఇంట్లో ఎవరూ ఎత్తేవారు కాదు.

ఆ శ్రావణంలో బాపు తానే వెళ్లి అత్తను పిలుచుకొచ్చాడు. ఆమె పీట మీద కూర్చుని కొంగు పరిచింది. అమ్మా బాపూ కలిసి ఒడి నిండా బియ్యం పోశారు. నిండిన ఒడితో చటుక్కున లేవడం కుదరదు. గింజ కింద పడకూడదని కొంగు పట్టుకుని అలాగే కూర్చోవాలి. సరిగ్గా అప్పుడే, బాపు స్నేహితుడైన వకీలు ముందు గదిలోంచి స్టాంపు కాగితం ఒకటి పట్టుకొచ్చాడు. తండ్రి ఆస్తిలో తనకు వాటా వద్దని అత్త రాసిచ్చినట్టు అందులో ఉంది.

“ఊకె పద్ధతి కోసమే చెల్లె. నీకు మేం లేమా ఏంది?” అన్నాడు బాపు.

అత్త తాత వంక చూసింది. తాత తల దించుకున్నాడు. “నాకేం వద్దు, అన్నా. మీరు పిలిస్తే వచ్చి పోత, గంతే చాలు” అని ఒక చేత్తో కొంగు పట్టుకుని రెండో చేత్తో సంతకం పెట్టింది. కొన్ని గింజలు నేల మీద పడ్డాయి. నేను ఏరి ఆమె ఒళ్లో వేశాను. నా తల నిమిరింది గానీ నా మొహం చూడలేదు. జరిగిందేమిటో నాకు పూర్తిగా తెలియలేదు. మా వాళ్లు చేయకూడనిది చేశారని మాత్రం తెలిసింది.

కొన్నాళ్లకు తాత ఉన్నట్టుండి బాపును పిలిచి మెచ్చుకున్నాడు. పని గట్టిగా చేశావు గానీ ఆ వకీలు నీ దోస్తు, రేపు ఎవరైనా లొల్లి పెడితే ఎట్లా, మన పాత వకీల్ సాబ్‌కు కూడా చూపిద్దాం, నా వీలునామా కూడా ఆయనతోనే రాయిస్తాను అన్నాడు. బాపు పొంగిపోయాడు. ఎక్కడికి వెళ్లినా నన్ను వెంటబెట్టుకోవడం తాతకు అలవాటు కాబట్టి నేనూ బయలుదేరాను.

వకీల్ సాబ్ గది చార్మినార్ వెనక సందులో, అత్తరు దుకాణం మీద ఉండేది. తాత దుకాణం కొన్నప్పుడు కాగితాలు చూసింది ఆయనే. బాపు కూర్చోగానే ఏది ఎవరికి రాయాలో గడగడా చెప్పడం మొదలుపెట్టాడు. వకీల్ సాబ్ చేయెత్తి ఆపాడు.

“ఆస్తి ఎవరిది బేటా?”

“మా బాపుది సాబ్.”

“అయితే నువ్వు జర బయట కూసో. బిడ్డను గూడ తీస్కపో.”

మేమిద్దరం వచ్చి వసారాలో బల్ల మీద కూర్చున్నాం. మెట్లెక్కి వచ్చేవాళ్లలో తెలిసినవాళ్లు, సేఠ్ మీరు బయట కూసున్నరేంది అని అడుగుతుంటే బాపు నవ్వలేక నవ్వాడు. కాసేపటికి మెల్లగా జరిగి పరదా దగ్గర చెవి పెట్టాడు. అంత పెద్దమనిషి అలా నక్కి వినడం చూస్తుంటే నాకు ఒళ్లంతా ముడుచుకుపోయింది. లోపలి నుంచి తాత గొంతు నాకూ వినిపించింది.

“నా బిడ్డకు ఒడిబియ్యం పోసి సంతకం తీస్కున్నరు సాబ్. నేను ఆడనే ఉన్న. నోరు తెర్వలే. కొడుకు దగ్గర్నే బతకాలె గద, భయమైంది.”

బాపు గబుక్కున వెనక్కి జరిగాడు. ఆయన మొహం ఎర్రబడిపోయింది. ఎప్పుడూ ఆయన చేయి పట్టుకుని తిరిగే నేను ఆరోజు బల్ల చివరికి జరిగి కూర్చున్నాను. ఆయన చూశాడు, రమ్మని పిలవలేదు.

మమ్మల్ని మళ్లీ లోపలికి పిలిచాక వకీల్ సాబ్ ఆ స్టాంపు కాగితాన్ని బాపు ముందుకు తోశాడు. గొంతు కూడా పెంచలేదు; అరిచి ఉంటేనే బాగుండునని బాపుకు అనిపించి ఉంటుంది.

“తండ్రి బతికుండంగ బిడ్డకు ఇంకా వాటానే రాలే. రానిదాన్ని ఎట్ల వదులుకుంటది బేటా? ఈ కాగజ్ దేనికీ పనికిరాదు. నీ దోస్తుకు గిది తెల్వదో, తెలిసి గూడ నిన్ను ఖుష్ చేసిండో నువ్వే అడుగు.”

దుకాణం, కింది ఇల్లు బాపుకు, మేడ మీది గదులు అత్తకు అని తాత అక్కడే మా ముందు చెప్పాడు. వీలునామాకు సాక్షులుగా చుట్టాలు వద్దని, కింద అత్తరు దుకాణం పెద్దాయన్నీ ఎదుటి డాక్టరునూ పిలిపించాడు వకీల్ సాబ్. ఇంటికి వచ్చే దారిలో తాత ఒక్క మాటే అన్నాడు: “నిన్ను బయట కూసోబెట్టినోడే నా వకీలు.” ఆ నెలలోనే అత్త వాళ్లు మేడ మీదికి వచ్చారు. బాపు ఆమెను బాగానే చూసుకున్నాడు, కానీ చాలా ఏళ్లు ఆమె ఎదురుపడితే పక్కకు చూసేవాడు.

ఇప్పుడు నేను అప్పటి తాత కంటే పెద్దదాన్ని. మా ఆయన పోయాడు, ఇల్లు నా పేరున ఉంది. పోయినేడు మా అబ్బాయి వీలునామా రాయించడానికి నన్నొక పెద్ద లాయరు దగ్గరికి తీసుకెళ్లాడు. ఆయన మాట్లాడినంతసేపూ మా వాడి మొహమే చూశాడు. నేను లేచి వచ్చేశాను. నాకు నేనే వెతుక్కుని ఒక లాయరమ్మను పట్టుకున్నాను. ఆమె మా వాణ్ని బయట కూర్చోమంది. మనసులో ఎంత గర్వపడ్డానో. తలుపు వేసి ఆమె అడిగింది: “అమ్మా, మీ అమ్మాయికి ఏమిద్దామనుకుంటున్నారు?”

పెళ్లప్పుడు బంగారం పెట్టాం కదా, ఇల్లు వాడికే అని ఇంటి దగ్గరే అనుకుని వచ్చాను. ఆ లెక్క ఎవరూ చెప్పకుండానే నాలో ఉంది. పరదా దగ్గర బాపు మొహం చూసినదాన్ని, నేల మీది గింజలు ఏరినదాన్ని, నేనే అలా అనుకున్నాను. ఆమె కలం పట్టుకుని ఓపిగ్గా ఎదురుచూసింది. ఇద్దరికీ సమానంగా రాయండి అనడానికి నాకు చాలాసేపు పట్టింది. రాశారు, సంతకాలూ అయ్యాయి. మా అమ్మాయి ఫోన్ చేసినప్పుడల్లా ఆ చాలాసేపే గుర్తొస్తుంది నాకు.