జీపులో నీళ్ళు ఎటు పోయాయి

షాలేమ్‌రాజును సమాధి చేసిన మూడో వారానికి జీపు మరగడం మొదలుపెట్టింది. మనిషి దుఃఖం మనుషులు పడతారు సరే, ఇనుముకేం వచ్చిందో! గుట్ట సగం ఎక్కేసరికి వేడి చూపే మీటరులో ముల్లు ఎర్రగీత దాటేది. బానెట్ సందుల్లోంచి ఆవిరి తన్నుకొచ్చేది. వెనక కూర్చున్న పదిమందీ దిగి, గంపలు నెత్తికెత్తుకుని నడిచిపోయేవాళ్ళు. స్టీరింగు ముందు సంపూర్ణ ఒక్కతే మిగిలేది.

సంపూర్ణ షాలేమ్‌రాజు భార్య. యాభై దాటింది, పిల్లలు లేరు. దుమ్ముగూడెం అవతల అడవి ఊళ్ళ నుంచి సంతకు జనాన్ని చేర్చే ఆ డీజిల్ జీపు ఎనభై తొమ్మిది మోడలు. భర్త సరదాకు నేర్పిన డ్రైవింగు ఆయన గుండెపోటుతో పోయాక బతుకుదెరువైంది. ఊళ్ళవాళ్ళు డ్రైవరమ్మా అని పిలవడం కూడా మొదలుపెట్టారు. బండి అమ్మేసి తన దగ్గరికి వచ్చెయ్యమని తల్లాడలో ఉన్న చెల్లెలు పోరింది. ఈమె వింటేగా.

మొండితనం అనుకున్నారు అందరూ. మొండితనం కాదు, భయం. ఒక్క మనిషికి సరిపడా అన్నం వండటం ఆమెకు చేతకావడం లేదు. ఎప్పటిలాగే గిన్నెడు వండి, రెండు పూటలూ చల్లారింది తింటోంది. జీపు నడిచిన రోజు పదిమందితో పది మాటలు. నడవని రోజు పొద్దుగూకేదాకా నోరు విప్పే పనే ఉండదు. ఇంకో రెండు సంతలు ఇలాగే మరిగితే జనం ఆటోల వైపు తిరుగుతారు, వాళ్ళ తప్పేమీ లేదు. అప్పుడు జీపు వాకిట్లో కోళ్ళకు గూడవుతుంది. తను లోపల ఆ గోడల్ని చూస్తూ కూర్చోవాలి.

తలా ఒక మాట చెప్పారు. దిష్టి అన్నారు కొందరు. చర్చి సంఘ కాపరి బానెట్ మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశాడు. ఆ రోజు మరగలేదు, మూడో రోజు మరిగింది. ఒక లారీ డ్రైవరు నీళ్ళ దారికి అడ్డుండే వాల్వు పీకెయ్యమంటే అదీ పీకేసింది. రేడియేటరు సందుల్లో ఇరుక్కున్న గడ్డిగింజల్ని పుల్లతో తీసి కడిగింది. ఫ్యాను బెల్టు మార్చింది, రబ్బరు గొట్టాలు మార్చింది. ఎన్ని చేసినా గుట్ట సగంలో అదే ఆవిరి.

ఇక మిగిలింది జైరాం. దుమ్ముగూడెం సెంటర్లో షెడ్డు పెట్టుకున్న మెకానిక్కు. షాలేమ్‌రాజు వెంట పదిహేనేళ్ళు తమ్ముడిలా తిరిగినవాడు. సమాధి కార్యక్రమం అయ్యాక ఆయిలు మార్చి బండిని ఆమె చేతికిచ్చింది అతనే. అతను చెయ్యి పెట్టాకే చెడిందని సంపూర్ణకు గట్టిగా తోచింది. ఆమె నోట్లో నువ్వుగింజ నానదు. నడిసెంటర్లో, జనం చూస్తుండగా కడిగేసింది.

“అన్న అన్న అనుకుంట తిరిగినవ్. అన్న పోంగనే బండిని ఖరాబు జేసి నా మొహాన కొట్టినవా?”

జైరాం తల వంచుకుని పానాలు తుడుచుకున్నాడే తప్ప ఒక్క మాట ఎదురు చెప్పలేదు. తప్పు చేసినవాడికి నోరెక్కడిదని తీర్మానించి వచ్చేసింది. అలా ఉన్న ఒక్క మెకానిక్కునూ పోగొట్టుకుంది.

ఆ ఆదివారం చర్చి నుంచి వచ్చి వాకిట్లో కూర్చుని జీపు వైపు చూస్తుంటే ఆమెకు ఒక ఆలోచన వచ్చింది. ఇన్నాళ్ళూ మరిగింది కాబట్టి నీళ్ళు పోతున్నాయి అనుకుంటోంది. అదే తిరగేసి చూస్తే? నీళ్ళు పోయాయి కాబట్టి మరుగుతోందేమో!

రేడియేటరును అంచుదాకా నింపింది. గుట్ట వైపు పోకుండా చదును రోడ్డు మీద గోదావరి కరకట్ట దాకా పోయి వచ్చింది. ముల్లు కదలలేదు. ఆవిరి చుక్క రాలేదు. జీపు కింద అట్టముక్కలు పరిచి, ఇంట్లోకి పోయి పడుకుంది. తెల్లారి చూస్తే అట్టల మీద తడి మచ్చ లేదు. మూత తీస్తే నీళ్ళు చెంబెడు తగ్గి ఉన్నాయి. మరగలేదు, కారలేదు, మరి ఎటు పోయాయి?

ఆ ప్రశ్న ఆమెను నిలవనివ్వలేదు. అభిమానం చంపుకుని షెడ్డు ముందు జీపు ఆపింది. జరిగిందంతా చెప్పింది. జైరాం ఇంజను చల్లారేదాకా ఆగి, రేడియేటరు మూత తీసి, మళ్ళీ స్టార్టు చేయించాడు. నీళ్ళలో అన్నం ఉడుకుతున్నట్టు బుడగలు లేచాయి.

“హెడ్ గ్యాస్కెట్ పోయిందక్కా. ఇంజను దిమ్మెకు, పైమూతకు నడుమ ఉండే రేకు. ఆ సందుల నుంచి నీళ్ళు సిలిండర్లకు దిగి పొగల కలిసి పోతున్నయి. కిందికి ఎట్ల కారుతయి?”

“మరి ఆయన ఉన్నన్నాళ్ళు మరగలేదు గదా?”

జైరాం ఇంజను ఆపేశాడు. రేడియేటరు మూత బిగించాడు.

“గ్యాస్కెట్ పోయి మూడేండ్లయిందక్కా. అన్న రోజూ పొద్దుగాల నువ్వు లేవకముందే చెంబెడు నీళ్ళు పోసేటోడు. ఇంజను విప్పితే బండి పది రోజులు ఆగుతది, నువ్వు ఫికరు పడతవని. మీ అక్కకు చెప్పకురా అన్నడు.”

“నేను అన్నన్ని మాటలు అంటుంటే గప్పుడన్న చెప్పకపోతివి?”

“మాట ఇచ్చిన గదక్కా. నువ్వే కనిపెడితివి, ఇగ దాచుడేముంది?”

సంపూర్ణ సిగ్గుతో చచ్చిపోయింది. ఆ వెంటనే మరో అనుమానం తొలిచింది. నీళ్ళ మాట ఇంత పదిలంగా దాచిన మనిషి నీళ్ళతోనే ఆగి ఉంటాడా?

“ఇంకేమేం చెప్పొద్దన్నడు జైరామూ?”

ఆమె జవాబు లేకుండా కదిలే మనిషి కాదని అతనికి తెలుసు.

“రెండుసార్లు ఛాతిల నొప్పి అంటే నా బండి మీదనే భద్రాచలం దవాఖానకు తీస్కపోయిన. ఖమ్మం పోయి పెద్ద డాక్టరుకు చూపెట్టుకోమన్నరు. సంత రోజులు అయిపోనీ అన్నడు. కాళ్ళు మొక్కుతనక్కా, చెప్పకపోవుడు నాదే తప్పు.”

ఆమెకు అతని మీద కోపం రాలేదు. పోయినవాడి మీద వచ్చింది. పక్కన పడుకున్న మనిషి నొప్పిని పళ్ళ బిగువున ఓర్చుకుంటుంటే తను గుర్రు పెట్టి నిద్రపోయింది. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని భయపడ్డాడా? తన కాళ్ళ మీద కాకపోతే ఎవరి కాళ్ళ మీద పడాలి? ఒంటరితనం ఈ మధ్యే తన ఇంటికి వచ్చిందనుకుంది. అది మూడేళ్ళ కిందటే వచ్చి ఆయన వైపు పడుకుంది. తనకే తెలియలేదు. షెడ్డు బల్ల మీద కూలబడి గట్టిగానే ఏడ్చింది. జైరాం మంచినీళ్ళు తెచ్చి పక్కన పెట్టాడు.

కాస్త తేరుకున్నాక అతనే మెల్లగా అన్నాడు. “అన్న లెక్క రోజూ పోస్కుంట నడిపితే ఇంకో ఏడాది నడుస్తదక్కా. జనం ఆటోలు అలవాటు కాకముందే...”

“వద్దు. విప్పు. పది రోజులు ఆగినా మంచిదే.”

ఆ సాయంత్రమే అడవి ఊళ్ళ పెద్దమనిషి పోతయ్యకు ఫోను చేసింది. బండికి లోపలి జబ్బుందని, తెలియక ఇన్నాళ్ళూ గుట్ట మీద దింపేశానని, రెండు సంతలకు రాలేనని ఉన్నదున్నట్టు చెప్పింది. మంచిది బిడ్డా అని ఆయన పెట్టేశాడు. ఎదురు చూస్తామని గానీ చూడమని గానీ అనలేదు.

మూడో సంత రోజు ఖాళీ జీపుతోనే బయలుదేరింది. అడవి ఊళ్ళ రోడ్డు మొదట్లో ఆరుగురు నిలబడి ఉన్నారు. పదిమందిలో ఆరుగురు. ముందు సీట్లో పోతయ్య కూర్చున్నాడు. జీపు గుట్ట ఎక్కింది. ముల్లు సగం దగ్గరే నిలబడింది. పైకి చేరాక సంపూర్ణ బండిని పక్కకు తీసి ఆపేసింది.

పోతయ్య కంగారుగా బానెట్ వైపు చూశాడు. “మల్ల వేడెక్కిందా బిడ్డా?”

“బండి మంచిగనే ఉన్నది తాతా. నాకే బాగలేదు. మా ఆయన యాదికొచ్చి చేతులు ఆడుతలేవు. జరసేపు ఆగుదాం.”

పోతయ్య సరేనన్నాడు. వెనకున్నవాళ్ళు ఎవరూ దిగలేదు.