గట్టిది

అద్దాలాయన చేయి తిరిగిన పనివాడు. ఆ మాట ఎవరైనా అంటే చెవి కోసుకునే మనిషి కూడా.

ఆ మధ్యాహ్నం కొట్లో బావమరిది గట్టిపరిచిన టఫెన్డ్ అద్దం ఒకటి బల్లమీద పెట్టి, "దీని అంచు కాస్త కోసిపెట్టకూడదా బావా?" అని వేళాకోళమాడాడు.

"కట్టర్ పెట్టి చూడు, కల్లుప్పులా రాలిపోతుంది. ఒకసారి కొలిమిలో కాలిందంటే మళ్లీ కోతకు లొంగదు. బాత్రూం కిటికీలకు ఇదే వెయ్యమనేది అందుకేరా. కాలు జారి మీద పడ్డా ఒంట్లో దిగ..."

మాట నోట్లోనే ఆగిపోయింది.

కూతురింటి బాత్రూం కిటికీ గుర్తొచ్చింది. షవరు పక్కనే, నడుమెత్తులో ఉంటుంది. పిల్లకిప్పుడు నెలలు నిండాయి. "గట్టిది వెయ్యి నాన్నా" అని అడిగితే, ఆయన కొట్లో ఉన్న బావమరిదికి ఫోన్ చేసి అదే మాట చెప్పాడు. వచ్చిన అద్దం చట్రంలో కాస్త బిగుతైంది. కట్టర్‌తో అంచు గీసి టక్కున విరిచాడు. ఒక్క పెచ్చు లేవలేదు. అల్లుడి ముందు మీసం కూడా దువ్వుకున్నాడు.

అది కోతకు లొంగింది. చేతికి తెలిసింది బుర్రకు తట్టలేదు.

"అమ్మాయింటికి ఏం పంపావురా?"

"గట్టిదన్నావుగా బావా. బాగా మందంది పంపాను."

ఎంత మందమైనా మామూలు అద్దం పగిలితే కత్తులే. అల్లుడికి ఫోన్ చేశాడు.

"స్నానానికి వెళ్లింది మామయ్యా, ఇప్పుడే."

"బయటికి పిలువు! కిటికీ దగ్గరికి పోవద్దను!"

"ఏమైంది మామయ్యా?"

"ముందు పిలవవయ్యా!"

రెండు వీధులు పరుగెత్తాడు. చెప్పులు ఎక్కడ జారిపోయాయో తెలియదు. నా చేత్తోనే పెట్టాను, నా చేత్తోనే, అనుకుంటూ పరుగెత్తాడు. ఎదురొచ్చిన వాళ్లు ఈయనకు మతి పోయిందనుకుని పక్కకు తప్పుకున్నారు.

కూతురు గుమ్మంలోనే ఉంది, జుట్టు నిండా నురగతో, ధుమధుమలాడుతూ. ఒంటిమీద గీత కూడా లేదు. ఆయన ఆమెను దాటుకుని లోపలికి వెళ్లాడు. కిటికీ అద్దం మీద తడి చేతి అచ్చు ఇంకా ఆరలేదు. ఐదు వేళ్లూ ఆనించి, బరువంతా మోపిన అచ్చు.

"కాలెత్తాలంటే దాన్నే ఊతం పట్టుకుంటున్నా," అంది కూతురు వెనకనుంచి. "నువ్వు పెట్టిందని ధైర్యం. ఏమైంది నాన్నా?"

అద్దాలాయన తడి నేలమీదే చతికిలబడి, చిన్నపిల్లాడిలా భోరుమన్నాడు.