ఆ పిల్లకు దొరికిన ఒక రోజు

మొన్న నంద్యాలలో పొద్దుటి నడకకు పోయినప్పుడు బడి మైదానంలో ఆడపిల్లలు ఖోఖో ఆడుతుంటే చూస్తూ నిలబడిపోయాను. ఆ కేకలు వింటే నా ఈడువాళ్లకు ఎవరి బడి వాళ్లకు గుర్తొస్తుందేమో గాని, నాకు మాత్రం ఆళ్లగడ్డలో నేను నర్సుగా చేసిన చిన్న ఆసుపత్రికి వారం వారం వచ్చిన ఒక పిల్ల గుర్తొచ్చింది.

తొంభైల నడిమి రోజులవి. రెండు గదులు, నాలుగు మంచాలు, ఒక డాక్టరమ్మ, నేను, ఒక కాంపౌండరు, అంతే మా ఆసుపత్రి. ఆ పిల్ల తొమ్మిదో తరగతి. తల్లి లేదు. విగ్రహాలు చెక్కే నాయనకు ఏళ్ల తరబడి రాతిదుమ్ము పీల్చి ఊపిరితిత్తులు చెడిపోయాయి. ఆ పిల్ల ఒక్కతే మందుల కోసం వచ్చి, ఏ మాత్ర ఎప్పుడు వేసిందీ, ఎంత గంజి తాగించిందీ పాఠంలా అప్పజెబుతుంటే, ఎంత తెలివైన పిల్లో అని మురిసిపోయేవాళ్లమే గాని, ఆ తెలివి ఎందుకు నేర్చుకోవలసి వచ్చిందో ఆలోచించిన పాపాన పోలేదు.

ఒకరోజు బెంచీ మీద కూర్చునే నిద్రపోయింది. డాక్టరమ్మ లేపి, నాయన సంగతి పక్కన పెట్టి, నువ్వెట్లున్నావని అడిగారు. ఆ పిల్ల ఖోఖో జట్టులో తన పేరుందనీ, నంద్యాలలో పోటీలనీ, రానని ఆటల సారుకు చెప్పేశాననీ మెల్లగా బయటపెట్టింది.

"నేను పోతే నాయనకు దగ్గొచ్చినప్పుడు లేపి కూర్చోబెట్టేదెవురు మేడం?"

"ఆ పొద్దుకు మీ నాయన్ను ఈడికి తెచ్చి పండబెట్టు. మేం చూసుకుంటాం. నువ్వు పోయి ఆడు" అన్నారు డాక్టరమ్మ.

పోటీ రోజు తెల్లారేసరికే నాయన్ను ఆటోలో తెచ్చింది. వీపు వెనక దిండ్లు ఎట్లా పెట్టాలో కాంపౌండరుకు రెండుసార్లు చూపించింది గాని, గడప దాటడానికి కాళ్లు రాలేదు. అప్పుడాయన నన్ను పిలిచి, "నా బిడ్డ ఆడేది నేనెప్పుడూ చూళ్లేదు సిస్టరమ్మా. నువ్వన్నా పోయి చూసొచ్చి చెప్పు" అన్నాడు. డాక్టరమ్మ సరేననడంతో, నేనూ జట్టుతోపాటు నంద్యాల బస్సెక్కాను.

ఆ చివరి ఆట తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. మావాళ్లు ఒక్క పాయింటు ముందున్నారు, తక్కినవాళ్లంతా ఔటై ఆ పిల్ల ఒక్కతే మిగిలింది, తను కూడా దొరికితే రెండు జట్లూ సమానం. అవతలి పిల్ల చెయ్యి జడకు తగిలిందనే అనుకున్నాను. వంగి, పక్కకు జారి, స్తంభం చుట్టూ తిరిగి, ఈల మోగేదాకా ఎవరికీ చిక్కలేదు. తెల్లచీరలో ఉన్న నర్సునన్న సంగతి మరిచి నేను గంతులేస్తూ అరిచాను, నా గొంతు రెండు రోజులు పలకలేదు.

సాయంత్రం వచ్చీరాగానే మాత్ర వేశారా అని అడిగిందా పిల్ల. "అది వేసిర్లే. ఆట సంగతి చెప్పు" అన్నాడాయన. నాకు గొంతు రాక ఆ పిల్లే చెబుతుంటే, నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకున్నాడు. ఆ పిల్ల లేవబోయేలోపే కాంపౌండరు ఆయన్ను పట్టుకున్నాడు. తను మళ్లీ కూర్చుని, చెబుతున్న చోటినుంచే అందుకుంది.

మర్నాటినుంచి ప్రతి రోగినీ ఇంట్లో చూసుకునేదెవరని అడిగి చీటీ మూల రాయడం మాకు పనైంది. అవుకు ఊరినుంచి బస్సులో మామను తీసుకొచ్చే కోడలూ, చూపులేని అవ్వకు వండిపెట్టే మనవడూ, ఇన్నాళ్లూ మా కళ్లెదుటే ఉన్నవాళ్లు, అప్పుడు కనిపించారు. వాళ్లకు ఒక పూట తీరిక దొరికేలా ఒక మంచం ఎప్పుడూ ఖాళీగా ఉంచేవాళ్లం. ఆ నాయన ఇంకో రెండేళ్లు బతికాడు, ఆ రెండేళ్లూ ఆ పిల్ల ఒక్క పోటీ కూడా మానలేదు.

రెండువేల సంవత్సరం దాటాక డాక్టరమ్మ ఊరు మారారు, ఆసుపత్రి మూతపడింది. ఇప్పుడు మోకాళ్ల నొప్పికి పెద్దాసుపత్రికి పోతుంటాను. ఎవరిదో ఫైలు పట్టుకుని గోడకానుకుని నిలబడ్డ పిల్లలను చూస్తే, దగ్గరికి పోయి పేరడగాలని ప్రాణం లాగుతుంది. ఇంతలో నా టోకెను నంబరు పిలుస్తారు, లేచి లోపలికి పోతాను.